దాచినవాళ్లు దొరికిందని రాయరు

శనివారం పొద్దున పదకొండు గంటల ఇరవై ఏడు నిమిషాలకు పెళ్లికొడుకు ఫోన్ టింగుమంది. అప్పుడతను ఓవెన్‌లోంచి బన్నుల రేకు బయటికి లాగుతున్నాడు. ఫోన్ వంక ఒక్క చూపు చూసి రేకు వదిలేశాడు. పాతిక బన్నులు బేకరీ నేల మీద నాలుగు దిక్కులా దొర్లిపోయాయి.

"అక్కా! ఉంది! బతికే ఉంది! తనే రాసింది, చూడండి!"

మూలనున్న మైదా బస్తా మీద కూర్చుని, మూడు రోజుల కాలపట్టికను నాలుగోసారి తిరగరాసుకుంటున్న డిటెక్టివ్ చప్పున లేచి ఫోన్ లాక్కుంది.

'పాత చర్చి డబ్బా. దొరికింది. శనివారం 11.20. నేను క్షేమం. కొన్నాళ్లు ఒంటరిగా ఉండాలనుంది. నాకోసం వెతకొద్దు. — పిచ్చుక.'

పిచ్చుక అంటే అతని భార్య. పెళ్లయి అయిదు వారాలు దాటినా వీధి వీధంతా అతన్ని పెళ్లికొడుకనే పిలుస్తున్నట్టు, పాత కట్టడాలకు ఎక్కడ పగుళ్లున్నాయో, ఏ రాయి ఎంత కాలం నిలుస్తుందో పరీక్షించి చెప్పే ఆమెను అందరూ రాళ్ల డాక్టరమ్మ అంటారు. పిచ్చుక అనేది ఆమె ఆటపేరు. ఆ ఆట పేరు జియోకేషింగ్. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటును చూపించే అంకెల్ని ఫోన్‌లో పెడతారు. మిగతావాళ్లు ఆ అంకెలు పట్టుకుని వెళ్లి వెతుకుతారు. దొరికితే డబ్బాలోని చిట్టి పుస్తకంలో పేరు, టైము రాసి, డబ్బాను ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసి, ఫోన్‌లో కూడా ఒక ముక్క రాస్తారు. అందులో బహుమానం లేదు, లాభం లేదు. దొరికిందన్న సంబరం ఒక్కటే.

ఆ రాళ్ల డాక్టరమ్మ బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు బేకరీలోంచి బయటికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

పెళ్లికొడుకు నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, కింద పడ్డ బన్నుల్ని ఊదుకుంటూ ఏరుతున్నాడు. రొట్టె కోసం వచ్చినవాళ్లు అతని భుజం తడుతున్నారు. కౌంటర్ దగ్గర టీ తాగుతున్న ఇన్‌స్పెక్టర్ మాత్రం గ్లాసు తాపీగా ఖాళీ చేసి, ఫైలు మూసి, దాని దారం ముడి వేశాడు.

"మూడు రోజులుగా ఈమె దొరక్క మేం నానా అవస్థా పడుతుంటే, ఈమె డబ్బాలు వెతుక్కుంటోందన్నమాట. సరే, శుభం. వెతుకులాట ఆపేస్తున్నాం."

"ఆపేస్తావా?" అంది డిటెక్టివ్. మూడేళ్ల కిందటి దాకా ఆమె కూడా అదే స్టేషన్‌లో, అతని ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నదే. "ఫోన్ చేతిలో ఉన్న మనిషి మొగుడికి ఒక్క మాట చెప్పకుండా, గోడలోని డబ్బాకి క్షేమసమాచారం రాస్తుందా?"

"కొత్త కాపురం. అలిగి వెళ్లుంటుంది. రెండు రోజులు పోతే తనే వస్తుంది."

పెళ్లికొడుకు మొహంలో నవ్వు ఆరిపోయింది. "మేం పోట్లాడుకోలేదు సార్."

"అందరూ ఆ మాటే అంటారు బాబూ."

"ఇటు రా," అంటూ డిటెక్టివ్ అరలోంచి ఉప్పు డబ్బా తీసి ఇన్‌స్పెక్టర్ ముందు ఠప్పున పెట్టింది. దాని మూతకు అంటించిన చీటీ మూడు రోజులుగా అక్కడే ఉంది. 'చర్చికి వెళ్తున్నా. డబ్బాలో కొత్త పుస్తకం పెట్టి వచ్చేస్తా. సాయంత్రం టీ నేను పెడతా, నువ్వు ముట్టుకోకు, పోయినసారి పాలు మాడ్చావు.' "ఇది అలిగినావిడ రాసే చీటీనా? చదువు! పైకి చదువు!"

ఇన్‌స్పెక్టర్ చదవలేదు. టోపీ సర్దుకున్నాడు. "నీది ఎప్పుడూ తాటాకు మంటే. భగ్గుమంటావు, ఆ తరవాత బూడిద. ఆ పుస్తకంలో ఆమె చేతిరాత ఉందో లేదో వచ్చి చూస్తాను. ఉంటే కేసు మూసినట్టే." జీపు వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగిందో లేదో, పెళ్లికొడుకు ఫోన్ మోగింది. అతను స్పీకర్ నొక్కగానే బేకరీ దద్దరిల్లింది.

"ఏమయ్యా! మీ ఆవిడకి సిగ్గూ లజ్జా లేవా? ఇలాంటి తప్పుడు పని చేస్తుందా? నా కూతురులాంటిదని నలుగురిలో చెప్పుకుంటున్నానే! తల ఎక్కడ పెట్టుకోను?"

"ఎవరు?" అంది డిటెక్టివ్.

"ఫస్టు బాబాయి," అన్నాడు పెళ్లికొడుకు బిత్తరపోయి. "రిటైరైన బస్సు డ్రైవరు. కొత్త డబ్బా ఎక్కడ పెట్టినా అందరికంటే ముందు ఈయనే వెళ్తాడు."

డిటెక్టివ్ ఫోన్ తీసుకుంది. "బాబాయిగారూ, నేను డిటెక్టివ్‌ని. ఆవిడ మూడు రోజులుగా కనిపించట్లేదు, మీకు తెలియదా?"

"తెలుసమ్మా! తెలిసి కుమిలిపోతున్నా! క్షేమమని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నా! కానీ క్షేమం క్షేమమే, న్యాయం న్యాయమే. ఆ డబ్బా ఎవరిది? వాళ్లదే! వాళ్ల పెళ్లిరోజున వాళ్లిద్దరూ కలిసి దాచిందే! 'ఇద్దరం' అన్న పేరుతో పెట్టారు. తను దాచిన డబ్బాను తానే వెతికి దొరికిందని రాసుకుంటుందా? దాచినవాళ్లు దొరికిందని రాయరమ్మా! ప్రపంచంలో ఎక్కడా రాయరు. కాగితం మార్చామనో, మూత బిగించామనో రాస్తారంతే. పరీక్ష పేపరు తయారుచేసిన మాస్టారే పరీక్ష రాసి వందకు వంద వేసుకున్నట్టు!"

డిటెక్టివ్ కాలపట్టిక కింద ఆ మాట రాసుకుంది.

"ఈ సంగతి ఆవిడకి తెలుసా?"

"తెలుసా ఏమిటి? పోయిన ఏడాది ఒకడు ఇలాగే చేస్తే వాణ్ని ఏకి పారేసింది ఈ పిల్లే!"

"ఎంతసేపట్లో చర్చికి రాగలరు?"

"స్కూటర్ మీద గంట పడుతుంది. మొహం మీదే అడిగేస్తా!"

"రండి," అంది డిటెక్టివ్. "ఆ కోపం చల్లారనీయకండి. నాకు పనుంది."

*

పన్నెండుంబావుకు వాళ్లు చర్చి గేటు దగ్గర దిగారు. ఊరి చివర, మూడువందల ఏళ్ల నాటి చిన్న రాతి చర్చి. మరమ్మతు కోసం ఉత్తరపు గోడ పొడుగునా, మేస్త్రీలు ఎక్కి పనిచేసే కర్రల సారువ కట్టి ఉంది. మెట్ల మీద గంటల తాత కూర్చుని, చేతులకు అంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటున్నాడు. గంట కొట్టడం, గడియారానికి కీ ఇవ్వడం, తుడవడం, తాళాలు వేయడం అన్నీ ఆయనే.

"తాతా, ఇవాళ పదకొండూ ఇరవైకి ఎక్కడున్నారు?"

"పైనమ్మా, గోపురంలో. ప్రతి శనివారం పదకొండింటికి గడియారానికి కీ ఇస్తాను. నూట అరవై తిప్పులు. నడుము పట్టేస్తుంది, మధ్యలో నాలుగుసార్లు ఆగుతాను. దిగేసరికి పావు తక్కువ పన్నెండు."

"పైనుంచి ఉత్తరపు గోడ కనిపిస్తుందా?"

"అదొక్కటే కనిపిస్తుంది. కిటికీ సందు అటే ఉంది."

"పదకొండూ ఇరవైకి గోడ దగ్గర ఎవరున్నారు?"

"పిల్లి కూడా లేదు."

"బాగా గుర్తుతెచ్చుకోండి. రాళ్ల డాక్టరమ్మ వచ్చిందంటున్నారు."

తాత తలెత్తి చూశాడు. "ఆ తల్లి వస్తే నేను చూడకుండా ఉంటానా? వచ్చినప్పుడల్లా 'తాతా, నడుమెలా ఉంది' అని కింద నుంచే కేకేస్తుంది."

"మీరు దిగాక ఎవరైనా వచ్చారా?"

"కాంట్రాక్టర్‌గారు. పన్నెండుకు పది నిమిషాలుందనగా. గోడకి చెమ్మ ఉందేమో చూస్తానని సారువ కిందకి వెళ్లారు. శనివారాలు ఆయన రాళ్లు కోసే యార్డు వదిలి కదలరు. ఇవాళెందుకో వచ్చారు."

డిటెక్టివ్ రాసుకుంది. 11.20, ఎవరూ లేరు. 11.50, కాంట్రాక్టర్. పెన్ను కాగితంలోకి దిగబడింది.

కాంట్రాక్టర్ సారువ కిందనుంచి తనే ఎదురొచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, దణ్ణం పెట్టిన చేతులు. "మంచి కబురు విన్నాను తల్లీ. ప్రాణం లేచొచ్చింది. సోమవారం పన్నెండింటికి చర్చి కమిటీ ముందు డాక్టరమ్మ సంతకం పెడితే నా పని అప్పగించినట్టే. ఎక్కడున్నా సమయానికి వస్తుందిలే, అంత నికార్సయిన మనిషి."

"సంతకం దేనికి?"

"పాత రాళ్లు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ వాటి చోట్లో పెట్టామని. ఒక్క రాయీ పోలేదని. ఈ రాళ్లు నాకు కన్నబిడ్డల్లాంటివి తల్లీ."

అతను మళ్లీ దణ్ణం పెట్టి, నిచ్చెనెక్కి సారువ మీదికి వెళ్లాడు.

డబ్బా ఉన్నది ఉత్తరపు గోడ మూల నుంచి నాలుగో రాయి వెనక, మోకాలి ఎత్తులో. పెళ్లికొడుకు మోకాళ్ల మీద కూర్చుని వదులు రాయిని పక్కకు జరిపాడు. చేయి లోపల పెట్టబోయి ఆగాడు. రాయి వంకే చూస్తున్నాడు.

"ఏమైంది?" అంది డిటెక్టివ్ గొంతు తగ్గించి.

"గాటు లేదక్కా."

"ఏ గాటు?"

"ఈ రాయి మీద ఉలితో చెక్కిన మూడు గీతలుండేవి, ఏటవాలుగా. ఎప్పటి మేస్త్రీ గుర్తో. నేను రొట్టె మీద కత్తితో పెట్టే గాటు కూడా అలాగే ఉంటుంది. 'చూడు, నీకు మూడువందల ఏళ్ల ముందే ఇక్కడొక రొట్టెలవాడున్నాడు' అని తను ఒకటే నవ్వు. పెళ్లి బట్టల్లో ఇక్కడే కూలబడి నవ్వింది." అతను రాయిని అన్ని వైపులా తిప్పాడు. "ఇది ఆ రాయి కాదు."

డిటెక్టివ్ ఇంటి తాళంచెవి తీసి రాయి అడుగున గీకింది. పైనున్న గోధుమరంగు పొట్టులా లేచింది. లోపల బూడిదరంగు సిమెంటు. పక్క రాయిని గీకింది, దాని అవతలిదాన్ని గీకింది. అన్నీ సిమెంటే. పళ్లు బిగించి రాయిని నిశ్శబ్దంగా కింద పెట్టింది. కన్నబిడ్డలట! బిడ్డల్ని అమ్ముకుని బొమ్మలకి రంగేసి నిలబెట్టాడు. బుధవారం పుస్తకం మార్చడానికి వచ్చిన ఆమె, ఇదే చోట, ఇలాగే మోకాళ్ల మీద కూర్చుని, ఆ మూడు గీతల కోసం చూసి ఉంటుంది.

"నోరు మెదపకు," అంది పెళ్లికొడుకుతో. "పైనున్నాడు."

అరచేతిలో పట్టే రేకు డబ్బా. మూత తీయగానే లోపల తెల్లటి సన్నని పొడి. చర్చి చుట్టూ ఎర్రమట్టి తప్ప తెల్లపొడి ఎక్కడా లేదు. పుస్తకం రెండు పేజీల మధ్య కూడా ఆ పొడే. వేళ్ల మధ్య రుద్దితే గరుగ్గా తగిలింది.

మొదటి పేజీలో, 'కొత్త పుస్తకం పెట్టాం. బుధవారం 4.05. — ఇద్దరం.' రెండో పేజీలో, 'దొరికింది. శనివారం 11.20. అన్నీ బాగున్నాయి. మీ కొలత కాస్త తేడాగా ఉంది, నాకు వచ్చిన అంకెలు కింద ఇస్తున్నాను. — పిచ్చుక.' కింద రెండు వరసల అంకెలు.

"రాత తనదే," అన్నాడు పెళ్లికొడుకు. "ఆ సున్నాలు చూడండి, ముడి వేసినట్టు రాస్తుంది."

డిటెక్టివ్ రెండు పేజీలకూ ఫోటో తీసింది. తీసి ఫోన్ జేబులో పెట్టుకునేలోపే ఆమె భుజం మీదుగా ఒక చేయి వచ్చి పుస్తకాన్ని ఎగరేసుకుపోయింది.

"సాక్ష్యాన్ని మీరు ముట్టుకోకూడదు డిటెక్టివమ్మగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచీలో వేసుకున్నాడు. "చేతిరాత ఆమెదే అన్నావుగా బాబూ? విన్నాను. కేసు అయిపోయింది."

"అది ఇక్కడ రాయలేదు," అంది డిటెక్టివ్. "టైము చూడు. పదకొండూ ఇరవైకి ఇక్కడ ఎవరూ లేరు. తాత పైనుంచి చూశాడు."

"తాత వయసెంత?"

"కళ్లకీ వయసుకీ ఏం సంబంధం? ఆ వయసులో ఆయన గడియారం నూట అరవైసార్లు తిప్పుతాడు, నువ్వు ఒక్క గోడ చుట్టూ తిరగలేదు! బుధవారం ఆమె చర్చికి వెళ్తూ తప్పిపోయిందని తెలుసు. ఈ గోడ దగ్గరకి ఒక్కసారైనా వచ్చావా?"

"గురువారం చర్చి చూశాం, యార్డు చూశాం, నేనే స్వయంగా..."

"చూశావా? కాంట్రాక్టర్ పోసిన టీ తాగి వచ్చావా?"

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "నోరు అదుపులో పెట్టుకో. ఆమె ఫోన్ పదకొండూ ఇరవై నాలుగు నుంచి ఇరవై తొమ్మిది దాకా ఆన్‌లో ఉంది. టవరు ఇక్కడిదే."

"ఆ టవరు చుట్టుపక్కల అయిదు కిలోమీటర్లకి అదే!"

"చేతిరాత ఆమెది, ఫోన్ ఆమెది, క్షేమమని రాసింది ఆమె. ఇంకేం కావాలి నీకు? నీ దగ్గరున్న రుజువేమిటి, చెప్పు. ఒక్కటి!"

ఇక్కడే డిటెక్టివ్ తప్పు చేసింది. ఆ తప్పు చేస్తున్నట్టు ఆమెకు ఆ క్షణంలో తెలియలేదు. కోపం మాడు దాకా ఎక్కింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"దాచినవాళ్లు దొరికిందని రాయరు! అదీ రుజువు! ఈ డబ్బా దాచిందే ఆమె! సొంత డబ్బా దొరికిందని వాళ్లెవరూ చచ్చినా రాయరు. రాసిందంటే, అబద్ధం రాస్తున్నానని మనకి చెప్తోంది! ఎవరో మెడ మీద కూర్చుని రాయిస్తున్నారని చెప్తోంది! అర్థమైందా నీకు?"

గోడంతా మారుమోగింది. తలపైన సారువ చెక్కలు కిర్రుమన్నాయి.

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "ఆటలో రూల్ తప్పిందని కోర్టులో చెప్తావా? దాగుడుమూతల్లో దొంగాట ఆడిందని? మరి జడ్జిగారు కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టమంటే ఎవరు పెడతారు, నువ్వా, నేనా?" నవ్వుకుంటూనే జీపెక్కాడు.

నిచ్చెన మీదనుంచి కాంట్రాక్టర్ దిగుతున్నాడు. తొందరేం లేదు. చేతులకంటిన దుమ్ము దులుపుకుని, డిటెక్టివ్ వంక చూసి, చక్కగా దణ్ణం పెట్టి, తన వ్యాను వైపు నడిచాడు. ఈసారి తల్లీ అనలేదు.



*

ఫస్టు బాబాయి వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. హెల్మెట్ తీయకుండానే తగువు మొదలెట్టాడు. గంటల తాత చీపుళ్లూ కొవ్వొత్తులూ పెట్టుకునే గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పేసరికి ఆయన కోపం దిగిపోయింది. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పుస్తకం తడిసిపోయింది, దాచినవాళ్లకి బాధ్యతుండాలి అని మంగళవారం ఆ పిల్లని గట్టిగా తిట్టింది నేనేనమ్మా. అందుకే బుధవారం వెళ్లింది. నేను తిట్టకపోతే..."

"అది తరవాత. ఈ డబ్బా దగ్గరికి బుధవారం తరవాత ఎవరైనా వచ్చారా?"

బాబాయి కిటికీ వంక చూశాడు.

"బాబాయిగారూ."

"నేనొచ్చాను. శుక్రవారం పొద్దున, తొమ్మిదిన్నరకి. కొత్త పుస్తకంలో మొదటి పేరు నాదే ఉండాలని."

"పుస్తకంలో మీ పేరు లేదే?"

"దొరకలేదు!" అన్నాడు బాబాయి అకస్మాత్తుగా గట్టిగా. "చాలా? దొరకలేదు! రాయి వెనక ఖాళీ! గంటన్నర వెతికాను. నాలుగువందల పన్నెండు డబ్బాలు ఫస్టు కనిపెట్టినవాణ్ని, దొరకలేదని ఏ మొహం పెట్టుకుని రాయను? పరువు పోతుందని మెదలకుండా ఇంటికెళ్లిపోయాను."

"దొరకలేదని ఒక్క ముక్క రాసి ఉంటే, డబ్బా మాయమైందని నిన్ననే తెలిసేది!" డిటెక్టివ్ బల్ల గుద్దింది. కొవ్వొత్తుల పెట్టె ఎగిరిపడింది. "మీ పరువు! ఆ ఇన్‌స్పెక్టర్ టోపీ! నా నోరు! ఆ పిల్ల ఒక్కతే ఈ ఊళ్లో బుర్ర పెట్టి పనిచేస్తోంది!"

బాబాయి తలదించుకున్నాడు. పెళ్లికొడుకు లేచి సంచీలోంచి ఒక బన్ను తీసి ఆయన చేతిలో పెట్టాడు. "తినండి బాబాయ్. తను మిమ్మల్ని తిట్టుకుంటూనే వెళ్లింది, నవ్వుకుంటూనే వెళ్లింది." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఏదో వెలుగు వచ్చిపోయింది.

డిటెక్టివ్ గాఢంగా ఊపిరి తీసుకుంది. "బుధవారం నాలుగూ అయిదు తరవాత ఆవిణ్ని పట్టుకున్నారు. డబ్బా చేతిలో ఉండగా పట్టుకున్నారు, అందుకే శుక్రవారం మీకు గోడ ఖాళీ. వెతుకులాట ఆపించాలి కాబట్టి ఇవాళ ఆమె చేత రాయించారు. ఫోన్‌లో రాస్తే సరిపోదు, పుస్తకంలో కూడా రాసి డబ్బా మళ్లీ పెడితేనే ఆటవాళ్లు నమ్ముతారని ఆమే చెప్పి ఉంటుంది. పదకొండూ యాభైకి కాంట్రాక్టర్ తెచ్చి పెట్టాడు. ఇప్పుడు ఈ అంకెలు చూడండి."

బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని ఫోటోలోని అంకెల్ని తన ఫోన్‌లో ఒక్కొక్కటే కొట్టాడు. ఒకసారి చూశాడు. చెరిపేసి మళ్లీ కొట్టాడు.

"కొలతలో తేడా వస్తే అయిదడుగులొస్తుంది, రాతిగోడల దగ్గర పది, ఇరవై. ఇది నాలుగు కిలోమీటర్లు తేడా! ఆ పిల్ల ఈ డబ్బాకి మూడు రోజులు మూడు వేళల్లో వచ్చి కొలిచింది."

"నేను గొడుగు పట్టుకున్నాను," అన్నాడు పెళ్లికొడుకు.

"ఫోన్ చేతికిచ్చినప్పుడు తానున్న చోటు అంకెలు తెరమీద కనిపిస్తాయి," అన్నాడు బాబాయి. "చూసి గుర్తుపెట్టుకుని రాసేసింది. వాడికి ఇదంతా పిచ్చిలెక్కలాగా ఉంటుంది." ఫోన్‌ను బల్ల మీద తిప్పి పెట్టాడు. మ్యాపులో ఎర్రచుక్క ఒక పొడుగాటి రేకుల షెడ్డు మీద నిలబడింది. కాంట్రాక్టర్ రాళ్లు కోసే యార్డు. డబ్బాలోని తెల్లపొడి అక్కడి రాతిపొడే.

పెళ్లికొడుకు గది గుమ్మం దాటేశాడు. డిటెక్టివ్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"వదలండక్కా!"

"ఆ దారిన వెళ్లినప్పుడు చూశాను, గేటు దగ్గర ఎనిమిదిమంది, రెండు కుక్కలు. రంపాలు ఇవాళ చీకటి పడేదాకా ఆగవు. ఆ చప్పుడులో ఆవిడ అరిచినా నీకు వినపడదు, నిన్ను కొట్టినా లోకానికి వినపడదు. సోదా చేయాలంటే ఆ టోపీవాడు సంతకం పెట్టాలి. పెట్టడు. సోమవారం సంతకం అయ్యేదాకా వాడికి ఆవిడ ప్రాణాలతో కావాలి. రేపు ఆదివారం, రంపాలుండవు. బాబాయిగారూ, కొత్త డబ్బా పెడితే రేపు పొద్దున ఎంతమంది వస్తారు?"

బాబాయి తల మెల్లగా పైకి లేచింది. "ఆదివారమా? నలభైమంది. నేను పెట్టానని తెలిస్తే అరవై. నన్ను ఓడించాలని కాచుక్కూర్చున్నారు."

"యార్డు గోడ బయట మైలురాయి ఉంది. రోడ్డు వాడి సొత్తు కాదు. రేపు ఏడింటికి అక్కడొక డబ్బా. అరవైమంది గోడ చుట్టూ మూగుతారు. పిచ్చుకా అని అందరూ ఒక్క గొంతుతో పిలవండి. లోపలినుంచి ఒక్క కేక వినపడితే చాలు, అరవైమంది సాక్షుల ముందు గేటు బద్దలు కొట్టడానికి నాకు ఎవడి సంతకమూ అక్కర్లేదు. ఈ సాయంత్రం నుంచి నేను ఆ గేటు ఎదురుగానే ఉంటాను. వ్యాను బయటికొస్తే దాని ముందు పడుకుంటాను."

అప్పుడే గంటల తాత ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చాడు. మొహం నిండా నవ్వు.

"మంచి కబురమ్మా! కమిటీ పెద్దాయన ఫోన్ చేశారు. రాళ్ల డాక్టరమ్మ కాంట్రాక్టర్‌గారితో మాట్లాడిందట. సోమవారం దాకా ఎందుకు, రేపు పొద్దున ఏడున్నరకే వచ్చి సంతకం పెట్టేస్తానందట. అందరినీ రమ్మన్నారు. గంట కొట్టమన్నారు!"

తాత నవ్వు ఒక్కొక్క మొహాన్నీ చూసుకుంటూ చిన్నబోయింది.

"నా నోరే," అంది డిటెక్టివ్. "పైన నిలబడి విన్నాడు. బెదిరించి, నోరు మెదపకుండా సంతకం పెట్టిస్తాడు. ఏడున్నరకి సంతకమంటే, ఏడున్నర తరవాత ఆవిడతో వాడికి పనిలేదు." ఆమె కోపం పోలేదు. కానీ ఇప్పుడది భగ్గుమనడం లేదు, నిప్పులా కుదురుగా కూర్చుంది. "ఏడు కాదు. ఆరింటికి. వెలుతురు రాగానే. అందరికీ ఆరింటికే రావాలి కబురు."

"ఇప్పుడే రాస్తా," అన్నాడు బాబాయి. అప్పటికే వేళ్లు ఫోన్ మీద పరిగెడుతున్నాయి.

పెళ్లికొడుకు ఆయన భుజం మీద చేయి వేశాడు. "బాబాయ్. రేపు మాత్రం ముందు చేరేది నేనే."

ఫస్టు బాబాయి వేళ్లు ఆగాయి. నాలుగువందల పన్నెండుసార్లు ఎవరికీ వదలని మనిషి, కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"ఫస్టు నీదే నాయనా. నేను నీ వెనకాలే ఉంటా," అన్నాడు. "రేపు ఆరింటికి."